కర్పూరం చెట్టు వయసు

ఫిబ్రవరి 3

వదినకు,

ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకే మనిద్దరిలో ఎవరో ఒకరం పెట్టేస్తున్నాం. అందుకని ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టేయడానికి వీల్లేదు, చివరిదాకా చదవాల్సిందే.

ఇక్కడ వృక్షప్రేమికుల సంఘం ఒకటి ఉంది. ఊళ్ళ శివార్లలో ఉన్న పాత బంగళాల తోటల మీద పుస్తకం వేస్తున్నారు. మన తోట చరిత్ర నన్ను రాయమన్నారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పైగా ఆ ఇంట్లో పుట్టినదాన్ని, నేను కాక ఎవరు రాస్తారు? ఇంకో లాభం కూడా ఉంది. పాత తోటగా ఆ పుస్తకానికి ఎక్కితే రోడ్ల శాఖవాళ్ళు చెయ్యి వెయ్యడానికి వెనకాడతారట. తూర్పు గోడమీద ఎర్రరంగుతో గీత గీసి వెళ్ళారని అన్నయ్య చెప్పినప్పటినుంచీ నాకు నిద్ర లేదు.

సగం రాసేశాను. నాన్నగారు ఆ రాళ్ళదిబ్బ కొని, ఇల్లు కట్టకముందే మొక్కలు పెట్టడం, నేను పుట్టినరోజున బావి పక్కన కర్పూరం మొక్క నాటడం, అంతా వచ్చింది. నేనక్కడికొచ్చి ఏళ్ళయింది కాబట్టి, నువ్వు చెయ్యాల్సిందల్లా ఒకసారి తోటంతా తిరిగి చూసి, గేటు దగ్గర మూడు సరుగుళ్ళు, తూర్పున గన్నేరు కంచె, నాన్నగారి గది కిటికీ కింద సంపెంగ, నడిమధ్య మల్బరీ, ఇవన్నీ ఎలా ఉన్నాయో రాయడం. అన్నయ్యను అడిగితే "అన్నీ ఉన్నాయి" అన్నాడు. వాడి మాట మీద చరిత్ర రాయలేను కదా.

నీ
పిచ్చుక


ఫిబ్రవరి 12

పిచ్చుకకు,

అన్నీ ఉన్నాయని మీ అన్నయ్య అన్నారంటే ఆయన తల ఎత్తి చూడలేదని అర్థం. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఆయన చూసేది ఎదుటివాళ్ళ నోట్లోకే. పళ్ళ డాక్టరుకి తోట గురించి అడగడం నీ తప్పు.

సరుగుళ్ళు మూడు కావు, ఒకటి. అదీ కరెంటు తీగ మీదకి వాలి ఉంది. గన్నేరు కంచె ఎప్పుడో తీయించేశాను. పక్కవాళ్ళ దూడ ఆ ఆకు తిని కాళ్ళు తన్నుకుని చచ్చిపోయింది, వాళ్ళు మన గేటు ముందు కూర్చుని ఏడ్చారు. ఇప్పుడక్కడ నూరువరహాలు ఉన్నాయి, గోడ ఎత్తున పెరిగాయి. సంపెంగ ఉంది కానీ నువ్వనుకునే సంపెంగ కాదు. మల్బరీ ఉంది, కాయలు రాల్చి అరుగంతా ఊదా రంగు పూస్తోంది. కర్పూరం చెట్టు బాగానే ఉంది.

ముందు వరండా పక్కన మాత్రం ఏమీ లేదని రాసుకో. అక్కడ నేను పెట్టని మొక్క లేదు. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ళు లోపలి కేకలు విని భయంతో కూర్చున్నచోటే ఆకులన్నీ తెంపేస్తారు. మొన్న ఒకాయన కుండీలో మొక్కను వేళ్ళతో సహా పీకి చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడట. "ఎవరి పని వాళ్ళు చేస్తున్నాం" అని మీ అన్నయ్య నవ్వారు. ఆయనకు నవ్వులాటే.

నా కళ్ళజోడు కాడ విరిగింది. దూది చుట్టి, దారం కట్టి రాస్తున్నాను. గీతలు వంకరపోతే సర్దుకో.

వదిన


ఫిబ్రవరి 20

వదినకు,

కంచె తీయించేశావా? నాన్నగారు స్వయంగా వరసకట్టి పెట్టిన గన్నేరు! దూడను కట్టేసుకోవాల్సింది వాళ్ళు కదా? సరుగుళ్ళు ఎండిపోతుంటే ఒక్క ముక్క రాయలేదేం? "నువ్వనుకునే సంపెంగ కాదు" అంటే ఏమిటి? సంపెంగ సంపెంగ కాక వంకాయ మొక్క అవుతుందా? అడిగినదానికి తిన్నగా జవాబు చెబితే నీ నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?

సరే, పోయినవాటి జోలికి పోను. నాన్నగారి తోట ఎలా ఉండేదో అలాగే రాస్తాను. చరిత్ర అంటే అదే.

ఇంకో మాట. మల్బరీని తీసేద్దామని నిర్ణయించాను. నడిమధ్యన అడ్డంగా ఉంది, దానివల్ల మిగతావి కనబడటం లేదు. గేటు దగ్గర బయల్దేరితే నేరుగా కర్పూరం చెట్టు దగ్గరికి వెళ్ళిపోవాలి, అప్పుడే అందం. అన్నయ్యకూ చెప్పు.

నీ
పిచ్చుక


మార్చి 4

పిచ్చుకకు,

నువ్వు చెప్పినట్టే మల్బరీని కొట్టించాం.

కళ్ళజోడు బాగుకి ఇచ్చాను, నీ ఉత్తరం మీ అన్నయ్యే చదివి వినిపించారు. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను ఏ పని చెప్పినా "చూద్దాం" అనే మనిషి, చెల్లెలి మాట అనేసరికి మర్నాడే రంపం పట్టేవాళ్ళను పిలుచుకొచ్చారు. నేను అడ్డం పడ్డాను. "కాయలు కాసే చెట్టండీ, దాని నీడలోనే నేను పేపరు చదువుకుంటాను" అన్నాను. "దాని పుట్టింటి తోట, అందం కోసం అడిగింది, కాదంటే బాగుంటుందా?" అన్నారు. లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. రంపం చప్పుడు తలుపు వేస్తే ఆగుతుందా?

ఇప్పుడు గేటు దగ్గర నిలబడితే కర్పూరం చెట్టు నేరుగా కనిపిస్తోంది. దాని వెనక పొరుగింటివాళ్ళ నీళ్ళ ట్యాంకూ, దాని మీద ఆరేసిన దుప్పట్లూ కూడా కనిపిస్తున్నాయి. నీకు కావాల్సిన అందం ఇదేనా?

వదిన


మార్చి 9

వదినా!

ఓరి దేవుడా! నేను తీసేస్తానన్నది వ్యాసంలోంచి! మల్బరీ మీద రాసిన పేరా తీసేస్తానన్నాను. చదివేవాళ్ళకు అడ్డంగా ఉందన్నాను. మీ ఇద్దరిలో ఒక్కరికైనా ఒక్క ఫోన్ చేసి "ఏమే, నిజంగానేనా?" అని అడగాలని తోచలేదా? ఎన్నడూ లేనిది అన్నయ్య ఒక్క పని చేశాడు, చేసింది ఇదీ!

నిన్నంతా అన్నం సహించలేదు. బాల్కనీలో కూర్చుని ఎదురింటివాళ్ళ ఏసీ పెట్టె చూస్తూ ఉండిపోయాను. ఐదో అంతస్తులో నాకు కనబడే పచ్చదనం ఆ పెట్టెకు పట్టిన పాచి ఒక్కటే.

ఇక చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మిగిలిందైనా కాపాడుకుందాం. సంఘం తరఫున చెట్ల వయసు కట్టే ఆయన మీ దగ్గరికి వస్తారు. పెన్సిల్ మందాన ఒక గొట్టాన్ని మానులోకి తిప్పి, లోపలి వలయాలు లెక్కపెడతారు, చెట్టుకేమీ కాదు. కర్పూరం చెట్టు చూపించు. "ఈ తోట వయసు నా వయసే" అని వ్యాసం మొదలుపెట్టాను. ఆయన ఔనంటే ఇక రోడ్లవాళ్ళు నోరెత్తరు.

పిచ్చుక


మార్చి 17

పిచ్చుకకు,

ఆయన్ని పంపొద్దు.

చెట్టుకు కన్నం పెట్టడం నాకిష్టం లేదు. చీడ పడుతుంది. కావాలంటే నీ సర్టిఫికెట్ చూపించి చెట్టు వయసు చెప్పు. వేరే చెట్టేదైనా చూసుకోమను. కర్పూరం జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వను. ఎందుకూ ఏమిటీ అని అడక్కు.

నూతి మోటారు మళ్ళీ కాలిపోయింది. ఎండలు ముదరకముందే ఇలా ఉంది.

వదిన


మార్చి 25

వదినకు,

అడగొద్దంటే ఎందుకు అడగను? నిన్న అన్నయ్యతో మాట్లాడాను. రోడ్ల శాఖ ఆఫీసరు ఇంటికొస్తే కూర్చోబెట్టి మాట్లాడావట. నాతో ఒక్క ముక్క అనలేదు. గన్నేరు తీయించావు, సరుగుళ్ళు పోతే ఊరుకున్నావు, ఇప్పుడు మిగిలిన ఒక్క ఆధారాన్నీ చూపించనంటున్నావు. రోడ్డు వస్తే రానీ, ఆ నీళ్ళు పెట్టే చాకిరీ తప్పుతుందని నీ మనసులో ఉందేమో. ఉంటే ఆ మాట తిన్నగా చెప్పు, నేనూ నా పుస్తకాలు సర్దుకుంటాను.

ఒకందుకు నిన్ను తప్పుపట్టలేను. నువ్వు ఆ మట్టిలో ఆడుకోలేదు. మొక్కల్ని పెట్టిన చేతులు వేరు. ఎంతైనా నీకది పరాయి తోటే.

పిచ్చుక


ఏప్రిల్ 2

పిచ్చుకకు,

పరాయిది అన్నావు. జవాబు రాయకూడదనే అనుకున్నాను. ఇవాళ నీళ్ళు పెడుతూంటే ఆ మాటే గుర్తొచ్చి, గొట్టం అక్కడే పడేసి వచ్చి కూర్చున్నాను. నీళ్ళు పోతూనే ఉన్నాయి. పోనీ.

నువ్వు ఊపిరితిత్తుల ఆపరేషనై ఆ కొండమీది ఆసుపత్రిలో ఉన్న ఏడాది గాలివాన వచ్చింది. "వాన బాగా పడింది, రెండు కొమ్మలు విరిగాయి" అని మామగారు నీకు రాశారు. రెండు కొమ్మలు కాదే. తోటే పోయింది. మధ్యాహ్నం మొదలై చీకటిపడే లోపల అయిపోయింది. ఇంటికప్పు పెంకులు ఎగిరిపోతుంటే మేమంతా మీ అన్నయ్య కుర్చీగదిలో దూరాం. వాన తగ్గాక తలుపు తీస్తే వరండా ఉంది, దాని ముందు ఆకాశం ఉంది. మధ్యలో ఉండాల్సినవన్నీ నేలమీద ఉన్నాయి. సంపెంగ, రెండు సరుగుళ్ళు, దానిమ్మలు, నువ్వు నీ వ్యాసంలో పేరుపేరునా రాస్తున్నవన్నీ. గన్నేరూ, ఒక సరుగుడూ, మల్బరీ మిగిలాయి. అవును, మల్బరీ. మామగారి చేతి చెట్లలో నిటారుగా నిలబడింది అదొక్కటే. దాన్నే మనం కొట్టించాం. మోడులోంచి చిగుళ్ళు వేస్తోందిలే, ఏడవకు.

కర్పూరం చెట్టు వేళ్ళతో సహా లేచి బావి గట్టు మీద పడుకుంది. దాని కింద అంతా బండే, పాపం, అన్నేళ్ళకీ అది ఎదిగింది అంతంతమాత్రం. మామగారు వచ్చి చూసి ఆ వేళ్ళ పక్కనే కూర్చున్నారు. శకునాలంటే నవ్వే మనిషి కదా. నాతో అన్నారు, "అమ్మాయ్, పిచ్చుకకు చెప్పకు. అది పుట్టినరోజు పెట్టిన చెట్టు. ఇప్పుడిది పడిపోయిందని తెలిస్తే ఆ పిల్ల మంచం దిగదు." "అలాగే మామగారూ" అన్నాను. "వాడికి కూడా చెప్పు, నోరు జారుతాడు" అన్నారు. మీ అన్నయ్య ఇన్నేళ్ళూ నోరు జారలేదంటే, అది జ్ఞాపకం పెట్టుకోవడం కాదు, మర్చిపోవడం.

ఆ తర్వాత మామగారు తోటలో అడుగుపెట్టలేదు. "నాకింక ఓపిక లేదమ్మా, నీకిష్టమైతే పెట్టు, లేకపోతే గడ్డి పెరగనీ" అన్నారు. పెట్టడం నాకేం తెలుసు? నేను పుట్టింది మూడు గదుల అద్దె వాటాలో. మొదటి ఏడాది కొమ్మలు తలకిందులుగా పాతాను. ఒక్కటీ చిగురించకపోతే నేల మంచిది కాదనుకున్నాను. నిమ్మ ఎండగొట్టాను, జామకు ఎరువెక్కువేసి మాడ్చాను. కనబడ్డ ప్రతి గేటు దగ్గరా ఆగి, సిగ్గు విడిచి కొమ్మలు అడిగాను. పన్ను నొప్పితో వచ్చినవాళ్ళను కూడా వదల్లేదు. పడిన సరుగుళ్ళ చోట మళ్ళీ రెండు పెట్టాను, అవీ నువ్వు రావడం తగ్గాక ఎండిపోయాయి. "డాక్టరుగారి ఫీజు సంగతి తర్వాత, మీ పెరట్లో సంపెంగ ఉందా?" అనేదాన్ని.

కర్పూరం మాత్రం డ్రమ్ములో పెంచిన మొక్కను నర్సరీ నుంచి బండిమీద తెచ్చాను. బండ లేని చోటు చూసి, పాతదానికి కాస్త పక్కగా పెట్టాను. నువ్వు ఆరోగ్యం కుదుటపడి నాలుగేళ్ళకు ఇంటికొచ్చేసరికి మామగారు లేరు. వచ్చీ రాగానే బావి దగ్గరికి పరుగెత్తావు. గుర్తుందా ఏమన్నావో? ఆ చెట్టును రెండు చేతుల్తో పట్టుకుని, "నాతోపాటు ఇదీ చిక్కిపోయింది వదినా, పాపం" అన్నావు. అప్పుడు చెబుదామనే నోరు తెరిచాను. నీ మొహం చూసి మూసేశాను.

ఆ ఆఫీసరు సంగతంటావా, "కంచె మీదుగా కాకుండా రోడ్డు అవతలి పక్కకి జరపండి" అని బతిమాలడానికే కూర్చోబెట్టాను. వినలేదు.

ఇప్పుడు పంపు నీ గొట్టం ఆయన్ని. చూపిస్తాను. పరాయి తోటే కదా, నాకేం?

వదిన


ఏప్రిల్ 10

వదినా,

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద కోపం వచ్చింది. తర్వాత నాన్నగారి మీద. ఆ తర్వాత ఎవరిమీద వచ్చిందో నాకే తెలియలేదు. వంటింట్లో గిన్నెలన్నీ తోమి పెట్టాను, తోమినవి కూడా మళ్ళీ తోమాను.

వచ్చినప్పుడల్లా ఆ చెట్టు పక్కన నిలబడి ఫోటో దిగాను. ఆ ఫోటోలు తీసింది నువ్వే! నవ్వెలా ఆపుకున్నావు? పైగా "కొంచెం పక్కకి జరుగు, మాను కనబడాలి" అనేదానివి. నాకు శకునాలు లేవు గికునాలు లేవని చిన్నప్పుడంతా ఊదరగొట్టిన నాన్నగారు, చివరికి నా ప్రాణాన్ని తీసుకెళ్ళి ఒక చెట్టుకు కట్టి, అది పడిపోతే భయపడ్డారా? నేనెందుకు తిరిగి అడగలేదు? నాలుగేళ్ళు చూడని చెట్టు సన్నబడటం ఎక్కడైనా ఉందా? పిల్లలకు పాఠాలు చెప్పానట, ప్రశ్నించి తెలుసుకోండని!

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెనక్కి తీసుకుంటున్నాను. ఇది మాత్రం అన్నయ్యతో చదివించుకోకు, ఏది వెనక్కి తీసుకెళ్ళాలో అని లారీ మాట్లాడతాడు.

వ్యాసం చించేశాను. మళ్ళీ రాస్తాను. సంపెంగ ఎవరి పెరట్లోంచి వచ్చింది? నూరువరహాలు? వరండా పక్కన చచ్చినవి కూడా చెప్పు. తలకిందులుగా పాతిన కొమ్మల సంగతి తప్పకుండా వేస్తాను, కాదనకు.

నీ
పిచ్చుక


మే 6

పిచ్చుకకు,

తలకిందుల సంగతి వేస్తే నీతో మాట్లాడను.

గొట్టం ఆయన వచ్చారు. మంచివాడే, చెప్పులు బయట విడిచి తోటలోకి వెళ్ళాడు. మానులోంచి పుల్లలాంటిది తీసి భూతద్దం పెట్టి లెక్కపెట్టి, "ఇది ముప్ఫై దాటి కొద్దిగా" అన్నాడు. మీ అన్నయ్య ఊరుకోవచ్చా? "అదెలాగండీ, మా చెల్లెలు అరవై దాటింది కదా!" అని వాదించారు. నిజంగానే మర్చిపోయారు. నీ వయసు ఊరందరికీ తెలిసింది.

పాత తోటల్లో మనది రాదట. చెప్పడానికి ఆయనకే మొహమాటమేసింది, రెండుసార్లు మంచినీళ్ళు అడిగాడు. పెద్ద సంపెంగ కింద కాసేపు నిలబడి, "ఇవన్నీ ఒక్కరే పెట్టారా?" అన్నాడు. అవునన్నాను. అలా నోటితో ఎవరికైనా చెప్పడం అదే మొదలు. తర్వాత ఏదోలా అనిపించి, లోపలికెళ్ళి పొయ్యిమీద ఏమీ లేకపోయినా పొయ్యి చూసి వచ్చాను.

రోడ్డు వస్తోంది. తూర్పు గోడ, కంచె, ఆ ఒంటి సరుగుడు పోతాయి. బావివైపు మిగులుతుంది. గోడ కొట్టేలోపు నూరువరహాలను వేళ్ళ మట్టితో తవ్వి లోపలికి మార్చుకోవాలి. వానలు పడేలోపే కొట్టేస్తారట, అంతదాకా ఆగడానికి లేదు. నాకు మోకాళ్ళు వంగడం లేదు. మీ అన్నయ్యకు చెబితే "చూద్దాం" అన్నారు.

రాసింది చాలు. రా. గునపం పట్టుకునే మనిషి కావాలి.

వదిన


నవంబరు 19

పిచ్చుకకు,

పుస్తకం అందింది. పార్సిల్ విప్పి మీ అన్నయ్య ముందు గదిలో బల్లమీద పెట్టారు. ఇప్పుడు పన్ను నొప్పితో వచ్చినవాళ్ళంతా మన తోట గురించి చదువుతూ, ఆ పేజీల అంచులు నలుపుతున్నారు. ఆకులు మిగిలాయి, కాగితం పోతోంది.

నువ్వుండి వెళ్ళిన పది రోజుల పని సంగతి చెప్పాలి. కొత్త కంచె వరస పాము పాకినట్టుంది. తాడు కట్టి పెట్టమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, "నాకు కంటి కొలత ఉంది వదినా" అన్నావు. కంటి కొలత ఇదీ. మూడు మొక్కలు ఎండిపోయాయి, అవి నువ్వు పెట్టినవే. మిగతావి బతికాయి, అవి నేను పెట్టినవి. నువ్వు కాదంటే వచ్చి తేల్చుకో. అవతల లారీలు పోతుంటే కిటికీలు అదురుతున్నాయి, దుమ్ము పట్టి ఆకులన్నీ బూడిద రంగులో ఉన్నాయి. రోజూ సాయంత్రం గొట్టంతో కడుగుతున్నాను. మామగారు చూస్తే ఏమనేవారో. ఏమీ అనేవారు కాదేమో, ఇంకో గొట్టం పట్టుకునేవారు.

నీ వ్యాసం నిదానంగా, కొత్త కళ్ళజోడు పెట్టుకుని చదివాను. పాత తోటల్లోంచి తీసేసినా, విడిగా అన్నిటికంటే చివర వేశారే. గాలివాన బాగా రాశావు, చూడకపోయినా చూసినట్టుంది. తలకిందుల కొమ్మలు వేసేశావు. వెయ్యొద్దన్నాను కదా? మీ అన్నయ్య ఆ ముక్క వచ్చినవాళ్ళందరికీ నోళ్ళు తెరిపించి మరీ చదివి వినిపిస్తున్నారు. పాపం, నోట్లో దూది ఉన్నవాళ్ళు నవ్వలేరు, ఊరుకోలేరు.

నీ వ్యాసం నాలుగో పేజీలో నా పేరు ఉంది. "ఇప్పుడున్న తోటను పెట్టినది" అని, తర్వాత నా పేరు, ఇంటిపేరుతో సహా. మీ వదిన అనో, డాక్టరుగారి భార్య అనో కాకుండా. చూసి కాసేపు పుస్తకం మూసి పెట్టుకున్నాను.

మళ్ళీ తెరిచి చూస్తే పేరులో కొమ్ము ఎగిరిపోయింది. ఇన్నేళ్ళకు ఒక్కసారి అచ్చులో కనబడితే, అది నేను కాదు, ఇంకెవరో! ప్రూఫులు చూసింది నువ్వేనా? చరిత్ర పాఠాలు చెప్పినదానివి, సొంత వదిన పేరు రాయడం రాదా? పెన్ను తీసి నేనే దిద్దబోయాను, కానీ నా పేరు నేనే దిద్దుకుంటే ఏం బాగుంటుంది? అలాగే ఉంచాను. తీరిక చూసుకుని వచ్చి, ఆ కొమ్ము నీ చేత్తో పెట్టి వెళ్ళు.

నీ వదిన